ఒకే మోడల్‌లో రెండు ఎరుపులు

మా ఆఫీసులో పన్నెండు లాప్‌టాప్‌లున్నాయి. రోజూ ఉదయం అందరూ వచ్చేలోపు ఆ పన్నెండు స్క్రీన్లూ తుడవడం నా పని. ఉద్యోగంలో చేరినప్పుడు చేతికిచ్చిన కాగితంలో ఈ పని లేదు. చేరిన రెండో వారంలో మేనేజరు నా బల్ల దగ్గర ఆగి, నా స్క్రీన్ మీద దుమ్ము లేకపోవడం చూసి, "మీ చెయ్యి భలే సుతారం అమ్మా, మిగతావి కూడా ఓసారి అలా తుడిచేయండి" అన్నాడు. ఆ ఓసారికి ఇప్పుడు నాలుగేళ్లు. మా గదిలో నేను కాక పదకొండు మంది మగవాళ్ళున్నారు. వాళ్ళ చేతులు సుతారం కావు కాబోలు. తుడిచే గుడ్డ కూడా నాదే, మా ఆయన పాత బనీను చింపి తెచ్చుకుంటాను.

మేం చేసేది దుప్పట్లు, పరదాలు, దిండు గలీబులు అమ్మే కంపెనీకి ఫోటోలు దిద్దడం. ఒక గుడ్డ ముక్కను పక్కన పెట్టుకుని, ఫోటోలో రంగు ఆ గుడ్డ రంగుకు సరిపోయేదాకా దిద్దుతాం. కొనేవాళ్ళు ఇంట్లో కూర్చుని బొమ్మ చూసి కొంటారు. దానిమ్మగింజ ఎరుపనుకుని కొన్న దుప్పటి ఇటుక రంగులో దిగితే తిప్పి పంపేస్తారు. అలా తిరిగొచ్చినవి గోడవారగా అట్టపెట్టెల్లో పేరుకుంటాయి. ఫోటో దిద్దినవాళ్ళ లాప్‌టాప్ నంబరు పెట్టె మీద పెద్ద అంకెలతో రాస్తారు. నాది నాలుగో నంబరు. ఏడాదిగా ఆ గోడ పొడవునా ఎక్కువ నాలుగులే.

కిందటేడు పాతవన్నీ తీసేసి కొత్తవి తెచ్చారు. పన్నెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే రోజు దిగాయి. మొదటి రోజు తుడుస్తున్నప్పుడే నాకు తేడా తెలిసింది. మరకలు కనబడాలని అన్నింటినీ తెరిచి, అన్నింటి మీదా ఒకే బూడిద రంగు పెట్టి తుడవడం నాకలవాటు. ఒకటో దాని నుంచి పన్నెండో దాని దాకా నడుస్తూ తుడుస్తుంటే ఆ బూడిద రంగు దారిలో మారుతూ వచ్చింది. మూడోది నీలానికి తిరిగింది. నాలుగు, ఏడు, పదకొండు పసుపెక్కి వాడిపోయాయి. తొమ్మిదోది మాత్రం నిఖార్సైన బూడిద. వెనక్కి నడిచి మళ్ళీ చూశాను. ఎరుపు పెట్టి చూశాను. తొమ్మిదిలో ఎరుపు కారుతున్నట్టుంది. నాలుగులో అదే ఎరుపు పదిసార్లు ఉతికిన గుడ్డలా ఉంది. ఆ తర్వాత నా అట్టపెట్టెలు పెరగడం మొదలయ్యాక, ఎందుకో నాకు అర్థమైంది. ప్రతి దుప్పటికీ నా స్క్రీన్ మింగేసిన ఎరుపును నేను పైనుంచి పోస్తున్నాను.

మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు ఒకటేకదా. ఏ మాటకైనా ఆయన చివరికి అక్కడే తేలతాడు.

"సార్, నాలుగో దాంట్లో ఎరుపు సరిగా రావడం లేదు. అందుకే నావి తిరిగొస్తున్నాయి" అన్నాను.

"అన్నీ ఒకే మోడల్ కదమ్మా."

"మోడల్ ఒకటే సార్. స్క్రీన్లు వేరుగా ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూపిస్తాను, ఒక్క నిమిషం రండి."

"పక్కపక్కన పెట్టాల్సిన ఖర్మేంటి? ఒకే రోజు తెచ్చాం, ఒకే చోట తెచ్చాం. మిగతావాళ్ళెవరూ అనలేదే. ఓసారి కళ్ళు చూపించుకోండి. ఈ వయసులో ఆడవాళ్ళకి మొదలవుతుంటాయిలే ఇవన్నీ."

నా వయసు ముప్పై ఆరు. ఏడో నంబరాయనవీ పదకొండో నంబరాయనవీ కూడా తిరిగొస్తున్నాయి. వాళ్ళతో మాత్రం తొందరపడి పని చేయకండి అన్నాడు, అంతే. కళ్ళు నావే పాడైపోయాయి. సరే అని సెలవు పెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా ముందు రంగు బిళ్ళలు కుప్ప పోసి, వరసలో పేర్చమంది. పేర్చాను. ఒక్కటి తప్పలేదు. "ఇంత బాగా చూసే కళ్ళు నా దగ్గరికి ఎందుకొచ్చాయమ్మా" అని నవ్వింది. ఆ కాగితం తెచ్చి మేనేజరు చేతికిస్తే చదవకుండానే మడిచి సొరుగులో పెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు తెచ్చి చేతిలో పెట్టినా లాభం లేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఏడో దాని మీటలు పట్టేస్తున్నాయని రిపేరు చేసే పెద్దాయన వచ్చాడు. ఏడోది విప్పినప్పుడు, దయచేసి తొమ్మిదోది కూడా విప్పమని బతిమాలాను. ఆయన విసుక్కోకుండా విప్పాడు. రెండింటి స్క్రీన్ల వెనకా ఉన్న చీటీలు చూపించాడు. పేర్లు వేరు, నంబర్లు వేరు.

"పైన పేరొక్కటే అమ్మా. లోపలి స్క్రీన్ ఇద్దరు ముగ్గురు చేస్తారు. ఆ రోజు ఏది చేతికందితే అది బిగించేస్తారు. మంచిదొస్తే మంచిది, లేకపోతే ఇదిగో, ఇట్లా. కొన్నవాళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే కదా తెలిసేది."

నాకు ఏడుపొచ్చింది. ఎంత పిచ్చిదాన్నో చూడండి, స్క్రీన్ గురించి ఏడుపు. చెప్పిన మాట నిజమేనని ఒక మనిషి అన్నాడు, దానికి. ఆయన్ని వెంటబెట్టుకెళ్ళి మేనేజరు ముందు అదే మాట చెప్పించాను. మేనేజరు "అలాగా" అని కప్పు ఖాళీ చేసి లేచిపోయాడు. మరుసటి సోమవారం నేను తుడవడానికి వెళ్ళేసరికి తొమ్మిదోది తన చోట లేదు. మేనేజరు బల్ల మీద ఉంది. ఆయన ఏ దుప్పటి రంగూ దిద్దడు. ఎవరు ఎన్నింటికి వచ్చారో చూసుకుంటాడు, అంతే. నేను దాని వంక చూడటం గమనించి, "ఏదైతేనేం అమ్మా, ఒకటే కదా" అన్నాడు.

ఇవన్నీ ఇంట్లో చెప్పాను. అది నా తప్పు. ఇంటికెళ్ళి వంట చేస్తూ ఆ రోజు జరిగింది చెప్పుకోవడం నాకు పెళ్ళికి ముందు నుంచి అలవాటు, వినేది గోడైనా సరే.

మా ఆయన కాలేజీలో లెక్కలు చెబుతారు. మా మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ మాస్టారూ అని ఆగి పలకరిస్తారు. ఆయన గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయనకు గొంతుతో పని లేదు. పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నదేమిటంటే, ఆయన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారంటే నేను గోడ నుంచి దూరంగా జరగాలి, తల తగలకుండా. పిల్లలు లేరు. లేనందుకు కొన్నిసార్లు తిన్నాను, అడిగినందుకు కొన్నిసార్లు. మెత్తనివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారు కానీ నేను మెత్తనిదాన్ని కూడా కాను. ఎదురు చెప్పినప్పుడూ కొట్టారు, చెప్పనప్పుడూ కొట్టారు. లెక్కల మనిషి కదా, ఏ రకంగా చేసినా జవాబు ఒక్కటే వచ్చేలా చూసుకుంటారు.

నా ఆఫీసు లాప్‌టాప్ చూసి, ఆయనా అదే మోడల్ కొన్నారు. బల్ల మీద పెట్టి తెరిచి, కాలేజీలో బహుమతి అందుకున్నప్పటి ఫోటో పెట్టి నన్ను పిలిచారు. అత్తయ్య ఎదుటి కుర్చీలో కూర్చుని బఠాణీలు వలుస్తున్నారు.

"చూడు, నీదీ నాదీ ఒకటే" అన్నారు.

అవునండీ అనాలి. ఆ రెండు ముక్కలూ నోటి దాకా వచ్చాయి. కానీ ఎదురుగా ఉన్నది తప్పు ఎరుపు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎరుపుతోనే చచ్చేదాన్ని, నా కళ్ళెదుట ఉన్నదాన్ని కాదనడం చేతకాలేదు. "ఇది కూడా ఆ పసుపు రకమే వచ్చిందండీ. ఎరుపు అస్సలు కనబడటం లేదు. ఇక్కడ చూడండి, మీ టై ఎర్రది కదా" అని కింది మూల మీద రెండు వేళ్ళు పెట్టాను.

మూత వేసేశారు. వేసి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, లేచి నిలబడ్డారు. ఆయన బరువు డెబ్భై ఎనిమిది కిలోలు. నేను అరవలేదు, అరవడానికి గాలి లేదు. నొప్పి వేళ్ళలో మొదలవలేదు, ముందు నోట్లో ఇనుప రుచి తగిలింది. ఎముక దగ్గర ఏదో టప్పుమంది. ఆయన నా మొహంలోకి చూస్తూ, పిల్లలకు లెక్క విడమరిచినట్టు, "వస్తువు బాగానే ఉంటుంది. చూసేదాని బుద్ధిని బట్టి ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత చేతులు తీశారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

"మూత వేసేటప్పుడు చెయ్యి ఎందుకు పెట్టావమ్మా, చూసుకోవద్దూ" అన్నారు అత్తయ్య. అని, వలిచిన బఠాణీల గిన్నె నా వైపు జరిపారు. వండాలి కదా. ఎడమ చేత్తో వండాను. స్క్రీన్ అంచున వెంట్రుకంత గీత పడిందని ఆయన వారం రోజులు బాధపడ్డారు. నా మధ్యవేలి గోరు నల్లబడి, కింద చీము పట్టింది. ఫోన్లో మా అన్నయ్యకు ఆయనే చెప్పారు, మూత జారి పడిందని. పాపం, చాలా బాధపడుతూ చెప్పారు.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఒక సామెత ఉంది. ఎవరు పుట్టించారో గానీ వాళ్ళను ఎవరూ కొట్టి ఉండరు. నాకు తోటికోడలు లేదు. నేను మొగుడు కొట్టినందుకే ఏడ్చాను.

రెండేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను. ఎవరికి చూపించాలని తీశానో నాకే తెలియదు. నా పనిలో ఫోటో లేని వస్తువు లేనట్టే లెక్క, ఆ పిచ్చేమో. గుడ్డ ముక్కను ఎలా తీస్తానో అలాగే తీశాను. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, తెలుపు తెలుపుగా ఉందో లేదో తెలియడానికి పక్కన తెల్ల కాగితం పెట్టి. వీపు తీసుకోవడానికి అద్దానికి ఫోను ఆనించేదాన్ని. మొదటి రోజు ఎరుపు. రెండో రోజుకు నేరేడుపండు. నాలుగైదు రోజులకు పచ్చ, ఎనిమిదికి పసుపు. అన్నీ ఒక ఫోల్డరులో వేసి, ఇంట్లో ఎవరూ తెరవకుండా దానికి తిరిగొచ్చినవి అని పేరు పెట్టాను. మొత్తం పదకొండు.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసులో ఎవరూ లేరని నా నాలుగో దాంట్లో వాటిని తెరిచాను. ఏమీ లేదు. మామూలు వీపు, కాస్త మాసినట్టుంది. నిలబడి చాలాసేపు చూశాను. నిజంగానే అంత గట్టిగా కొట్టలేదేమో, నేనే కొండంతలు చేస్తున్నానేమో అనుకున్నాను. నవ్వకండి, అలా అనుకున్నప్పుడు నాకు ఎంత తేలికైందో చెప్పలేను. కొట్టని మొగుడు దొరికాడు. ఆ తర్వాత గుడ్డ పట్టుకుని మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళాను, తొమ్మిదోది తుడవడానికి. అక్కడ తెరిచాను. వేళ్ళు లెక్కపెట్టవచ్చు. బొటనవేలు ఎటు వైపుందో, ఉంగరం ఎక్కడ దిగిందో తెలుస్తోంది. ఆ స్క్రీన్ మీద గుడ్డ ఆనించి నిలబడ్డాను, తుడవలేదు. నా ఒళ్ళు చెప్పింది కాదని, ఎరుపును మింగేస్తుందని తెలిసిన స్క్రీన్‌నే నమ్మానని అప్పుడు తెలిసింది.

కిందటి గురువారం సాయంత్రం ఆయన చార్జరు కనబడలేదు. అత్తయ్య ఫోనుకు పెట్టుకున్నారు. నేను వంటింట్లో కూరలు తరుగుతున్నాను. ఆయన వెనక నుంచి వచ్చారు. తీగను రెండు మడతలు వేశారు. చివర ఉన్న నల్ల డబ్బా ఎడమ భుజం వెనక తగిలింది. "ఎన్ని" అన్నారు. ఇంకోటి. "సార్లు" అన్నారు. ఇంకోటి. "చెప్పాను." గొంతు మామూలుగానే ఉంది. గట్టు మీద కుక్కర్ ఆవిరి వదులుతోంది. నా చేతిలో కత్తి ఉంది. తిరిగాను. ఆయన మెడ పక్కన నరం కొట్టుకోవడం కనబడింది. ఎక్కడ పెడితే ఎంత లోతు దిగుతుందో, రక్తం గోడ మీద ఏ ఎత్తు దాకా కొడుతుందో, ఆ ఎరుపు పెంకుల మీద ఎలా ఉంటుందో అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది, అక్కరకు రాని వివరంతో సహా. నా చెయ్యి లేచింది కూడా. కత్తిని సింకులోకి విసిరేశాను. ఆయనకు భయపడి కాదు. ఆ నిమిషంలో నేను భయపడింది నాకే. ఈ ఇంట్లో ఇంకో గురువారం వస్తే కత్తి సింకులో పడదు. ఒకళ్ళు శ్మశానానికీ ఒకళ్ళు జైలుకీ పోతాం. నేను రెండింటికీ పోదలచుకోలేదు.

శుక్రవారం ఆఫీసు నుంచి అన్నయ్యకు ఫోన్ చేశాను. పదకొండేళ్ళలో మొదటిసారి అడిగాను, వచ్చి నన్ను తీసుకెళ్ళమని. వాళ్ళింట్లో పై గది ఖాళీగానే ఉంది, అమ్మ పోయినప్పటి నుంచి.

"ఊరికే కొట్టాడంటే ఎట్లా? బావగారి లాంటి మనిషి మీద ఇట్లాంటి మాట పడితే నేను పదిమందిలో ఏం సమాధానం చెప్పాలి? ఏమన్నా ఉంటే చూపించు. చూపిస్తే తీసుకెళ్తా."

"చూపిస్తాను" అన్నాను. నా దగ్గర పదకొండు ఉన్నాయి. శుక్రవారం తీసింది పన్నెండోది.

ఆదివారం పదకొండు గంటలకు అన్నయ్య వచ్చాడు. మా ఆయన స్వయంగా వంటింట్లోకెళ్ళి అందరికీ టీ పెట్టి తెచ్చారు. "మా వాడంతేనండీ, ఆదివారం దాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వడు" అన్నారు అత్తయ్య. అన్నయ్య టీ తాగుతూ ఆయన వంక, నా వంక, మళ్ళీ ఆయన వంక చూశాడు. నేను ఫోను తీసి పన్నెండో ఫోటో తెరిచి అన్నయ్య చేతిలో పెట్టాను. కళ్ళకు దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "అద్దాలు తేలేదే. ఇంత చిన్నదాంట్లో నాకేం తెలుస్తుంది" అన్నాడు.

"పెద్దదాంట్లో చూద్దాం బావగారూ. దాచుకోవడానికేముంది" అన్నారు మా ఆయన. లేచి వెళ్ళి తన లాప్‌టాప్ తెచ్చారు. జేబురుమాలుతో స్క్రీన్ తుడిచారు. వెలుగు మొత్తం పెంచారు. ఫోటోలన్నీ దాంట్లోకి వేశారు. నేను ఒక క్షణం సంతోషించాను కూడా, ఒప్పుకుంటారేమో, ఇప్పుడు నలుగురి ముందూ తలదించుతారేమో అని. స్క్రీన్లు తుడిచి తుడిచి చేతులరిగిపోయిన మనిషిని, ఎదురుగా ఏ స్క్రీన్ పెట్టారో చూసుకోలేకపోయాను.

బొమ్మ వచ్చింది. పసుపు వీపు. పక్కన తెల్ల కాగితం కూడా పసుపే.

"ఏదీ?" అన్నాడు అన్నయ్య.

"భుజం వెనక అన్నయ్యా. ఇదిగో, ఇక్కడ."

"ఇది నీడ కాదూ?"

"నీడ కాదు. ఇంకోటి చూడు. ఫోన్లో చూడు, తెలుస్తుంది."

"ఫోన్లు ఇప్పుడు రంగు ఎక్కువ చేసి చూపిస్తాయి బావగారూ" అన్నారు ఆయన, నొచ్చుకుంటున్నట్టు. "పైగా తను చేసే పనే అది. ఫోటోల్లో లేని రంగు తెచ్చి పెట్టడం. నేను తప్పు పట్టడం లేదు. కళ్ళు చూపించుకోమని వాళ్ళ మేనేజరే చెప్పారు. నాకు చెప్పుకుని బాధపడింది."

పన్నెండూ అయిపోయాయి. నేను భుజం మీద గుడ్డ పక్కకు లాగబోయాను. అన్నయ్య గబుక్కున మొహం తిప్పుకుని, "ఛ, ఏం పనది, పెద్దావిడ ముందు" అన్నాడు. అలా తిప్పుకున్న మొహంలో నాకు కనబడింది కోపం కాదు, అసహ్యం కాదు. హాయి. ఎత్తుకోవలసిన బరువు తప్పిపోయిన హాయి. పై గది తెరవనక్కర్లేదు, వదినకు చెప్పనక్కర్లేదు, పదిమందికి సమాధానం చెప్పుకోనక్కర్లేదు.

మా ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎడమ భుజం మీద ప్రేమగా చెయ్యి వేశారు. "తను అలసిపోయింది బావగారూ. కొన్నాళ్ళు ఉద్యోగం మాన్పించి చూస్తాను." అంటూ బొటనవేలు భుజం వెనక్కి పోనిచ్చి నొక్కారు. సరిగ్గా అక్కడే. చార్జరు డబ్బా మూల దిగిన చోటే, ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా. రెండు పొరల గుడ్డ మీద నుంచి, చూడకుండా, ఆ గాయం ఎక్కడుందో ఆయనకు తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికి తిరిగాయి, ఆ తర్వాత మాత్రం ఇంకో దానికి.

ఇంట్లో పెద్ద టీవీ ఉంది. ఆయన ఫోను ఉంది. అన్నయ్య ఫోను ఉంది. ఇన్నింటిలో వెళ్ళి దీన్ని తెచ్చాడు. వేళ్ళు విరిగేలా నొక్కి కాదన్న మాటను ఆ రోజే, అక్కడే నమ్మాడు. నమ్మి, దాచుకుని, పనికొచ్చిన రోజున తీశాడు. తేడా లేదన్న ఇద్దరు మగవాళ్ళూ తేడా బాగా తెలిసినవాళ్ళే. ఒకడు మంచిదాన్ని తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఒకడు చెడ్డదాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. ఎరుపు కనబడటం లేదని ఏడాదిగా చెప్పుకుంటూ తిరుగుతున్నాను కదా, నావాళ్ళలో ఆ మాటను పూర్తిగా నమ్మిన మగవాడు ఒక్కడే. నా మొగుడు.

ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాను. "ఇదే ఎందుకు తెచ్చారు? టీవీలో చూపించవచ్చుగా" అని అడిగాను. కేకలు వేయలేదు.

"ఏదైతేనేం" అన్నాడు.

"మళ్ళీ మొదలెట్టిందండీ" అన్నారు అత్తయ్య. ఆవిడకు నిజంగా కోపం వచ్చింది. కొడుకు వస్తువుకు ఎవరైనా వంక పెడితే ఆవిడ పడలేరు. "ఆ రోజూ ఇంతే. దాంట్లో ఎరుపు కనబడదు, ఇదేదో తక్కువ రకమని వాడు ముచ్చటపడి తెచ్చుకున్నదానికి వంకలు పెట్టింది. అందుకేగా వాడికి ఒళ్ళు మండి, మూతేసి నొక్కిపట్టాడు. లేకపోతే ఊరికే నొక్కుతాడా, వాడికేమన్నా పిచ్చా?"

"అమ్మా" అన్నాడు కొడుకు, చాలా మెల్లగా.

అన్నయ్య నా చేతి వంక చూశాడు, నల్లగోటి వంక. జారి పడిన మూతకూ నొక్కిపట్టిన మూతకూ ఉన్న తేడా పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. తెలిసిందని అన్నయ్య గుటక వేయడంలో నాకు కనబడింది. ఒక్క మాటంటాడని ఎదురు చూశాను. అన్నయ్య వంగి కుర్చీ కింద బూట్లు వెతుక్కున్నాడు.

"పెద్దావిడ, ఏదో కోపంలో అన్నారు" అన్నాడు నేలతో. "నువ్వు కూడా ఆయన వస్తువుని అలా అనకుండా ఉండాల్సింది. సర్దుకో అమ్మా. నాలుగు రోజులు పోతే..."

"నాలుగు రోజులు పోతే పచ్చబడుతుంది అన్నయ్యా. ఎనిమిది రోజులకి పసుపవుతుంది. ఆ తర్వాత కొత్తది వేస్తాడు."

బల్ల మీద నా ఫోను తీసుకున్నాను. తలుపు వెనక తగిలించిన సంచి తీసుకున్నాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాను. అన్నయ్య వైపు తిరిగాను.

"నువ్వు నమ్మకపోయినా ఫర్వాలేదు. ఇది జరిగిందని కొట్టినవాడికి తెలుసు. ఎదురుగా కూర్చుని చూసినావిడకి తెలుసు. నాకు తెలుసు. నాకు ముగ్గురు చాలు. రెండు వీధుల అవతల పోలీస్ స్టేషన్ ఉంది. అక్కడ ఆడవాళ్ళున్నారు, వాళ్ళ ముందు గుడ్డ తీసి చూపిస్తాను. నువ్వు వస్తే రా, రాకపోతే మానెయ్."

గడియ తీశాను. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, ఆ నల్లగోటి చేతినే. పట్టుకుని మెలిపెట్టాడు, అన్నయ్యకు వీపు అడ్డుపెట్టి, నవ్వుమొహంతోనే. వంగి ఆ చేతిని కొరికాను. పళ్ళు చర్మంలోకి దిగేదాకా, అడుగున ఎముక తగిలేదాకా కొరికాను. వదిలేశాడు. అమ్మా అని కేక పెట్టి చెయ్యి దులుపుకున్నాడు. బొటనవేలి మొదట్లో ఆవగింజంత చుక్క పైకి తేలింది.

"అయ్యో, రక్తమే" అని అన్నయ్య ఒక్క అంగలో లేచి వచ్చాడు. అద్దాలు లేకుండానే, గది ఆ చివరి నుంచే కనబడింది.